పై స్లాటులో బావగారి కార్డు

మరమ్మతు పిన్నికి చిరాకు వస్తే, వీధి చివరి జిరాక్సు షాపులో ఇరుక్కున్న కాగితం తనంతట తానే బయటికి వచ్చేస్తుందని చెబుతారు. నమ్మనివాళ్లు ఆ జిరాక్సు ఆయన్నే అడగవచ్చు. ఆయన ఇంకో మెట్టు ఎక్కి, పిన్ని గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడుకే తన మిషను సర్దుకుని బుద్ధిగా కూర్చుంటుందని, బాగున్న మిషనుకి తనను ఎందుకు పిలిచావని పిన్ని తిట్టే తిట్లు మాత్రం తన వంతుకి మిగులుతాయని చెప్పుకుని ఏడుస్తాడు.

ఆవిడని అందరూ పిన్ని అనే పిలుస్తారు. వరసకి ఏమీ కానివాళ్లూ పిలుస్తారు, ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లూ పిలుస్తారు. మేడమెట్ల కింద ఇరుకు గదిలో ఆవిడ కంప్యూటరు రిపేరు కొట్టు. నిలబడితే తల మెట్టుకి కొట్టుకుంటుంది, కూర్చుంటే మోకాలు మానిటరుకి తగులుతుంది. బల్ల మీద సీసా మూతల్లో స్క్రూలు, రకానికో మూత. ఎవరైనా వాటిలో వేలు పెట్టి కెలికితే, ఒక్క స్క్రూ పట్టుకు చూసి అది ఎవరి వేలో చెప్పేయగలదు. ఒకప్పుడు ఒక ఆఫీసులో టైపు చేసేది. కంప్యూటరు మొరాయించినప్పుడల్లా మెకానిక్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయి, ఒకనాడు తానే మూత ఊడదీసింది. కోపంతో విప్పింది, కోపంతోనే బిగించింది. అది నడిచింది. ఆ తర్వాత ఆవిడ టైపు చేసిందీ లేదు, కోపం తగ్గించుకుందీ లేదు. వాళ్లాయన ఇంట్లో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. అలిగి కాదు, సందు దొరక్క.

ఇంతటి మనిషీ ఒక్కరి దగ్గర మాత్రం పిల్లి అయిపోతుంది. ఆ ఒక్కరు వాళ్ల అక్క.

అక్క ఒక కుట్టు ఫ్యాక్టరీకి ప్యాటర్న్లు గీసి ఇస్తుంది. చొక్కా చెయ్యి ఎంత, కాలరు వంపు ఎంత, జేబు ఎక్కడ అన్నది దళసరి అట్టల మీద గీసి, కోసి పంపుతుంది. ఫ్యాక్టరీవాళ్లు ఆ అట్టల్ని గుడ్డల దొంతర మీద పెట్టి వందల చొక్కాలు కత్తిరించుకుంటారు. గీయడం, కోయడం చేసేది ప్లాటర్ అనే యంత్రం. డబుల్ కాట్ మంచమంత ఉండి, ఆ ఇంటి ముందుగది మొత్తం ఆక్రమించింది. ఆ ఇంటికి వెళ్లినవాళ్లు గోడకి వీపు ఆనించి పీతలా పక్కకి నడిస్తే తప్ప వంటింటికి చేరలేరు. యంత్రం ఫ్యాక్టరీది. పనికిరాదని వాళ్లు మూలన పడేస్తే, అక్క తెచ్చుకుని బతికించుకుంది. దాని పక్కనే కిటికీ, కిటికీ పక్కన అక్క స్టూలు. పెళ్లయిన దగ్గర్నుంచి ఇల్లంతా మొగుడిదీ అత్తదీ అయినా, ఆ కిటికీ మాత్రం అక్కది.

ప్లాటర్ ముసలిది. దానితో మాట్లాడాలంటే కంప్యూటరులో ఒక ప్రత్యేకమైన కార్డు ఉండాలి. ఆకుపచ్చగా, జానెడు పొడవున, అంచులు మసకబారి ఉంటుంది. చేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఆ కార్డు పాత విండోస్ మాటే వింటుంది, కొత్త విండోస్ ఎంత బతిమాలినా పలకదు. ఇన్నాళ్లూ పాత కంప్యూటరు ఉంది కాబట్టి గడిచింది. ఆ పాతదేమో కెపాసిటర్లు ఉబ్బి, పొగ వదిలి, గురువారం కన్నుమూసింది.

శుక్రవారం ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సోమవారం వ్యాను తెస్తానమ్మా. మిషను నడుస్తుంటే మీ పని మీది. నడవకపోతే మా షెడ్డుకి పట్టుకెళ్లిపోతాం. మీరూ అక్కడికే వచ్చేయండి, కుర్చీ వేయిస్తా. గంట కొట్టినప్పుడు రావడం, గంట కొట్టినప్పుడు వెళ్లడం, హాయి."

అక్క సరేనంది. ఆయన వెళ్లాక కిటికీ రెక్క వేసి, తీసి, మళ్లీ వేసింది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది.

పిన్ని పీతనడక నడిచి ప్లాటర్ దాటి, పాత కంప్యూటరు శవాన్ని ఒక చూపు చూసి, తేల్చేసింది.

"ఇలాంటి పాత మదర్‌బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికినా ఆర్నెల్లకి ఇదే పొగ. కొత్త కంప్యూటరు కొందాం. దాని లోపల ఉత్తుత్తి కంప్యూటరు ఇంకొకటి పెడతా. అందులో పాత విండోస్ కూర్చుంటుంది. తను ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది పాపం."

"మరి కార్డు?" అంది అక్క.

"కార్డుని ఆ లోపలిదానికే అప్పజెప్పేస్తా. పైనున్న కొత్తది దాన్ని ముట్టుకోదు. దాన్నే పాస్‌త్రూ అంటారు."

అక్కడే ఉన్న బావ, అంటే అక్క మొగుడు, తల ఊపాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఆయన నేర్పినవాళ్లలో సగంమంది ఇప్పుడు విమానాలు తోలుతున్నారని ఆయన లెక్క. మిగతా సగం బస్సులెక్కి తిరుగుతున్నారని ఊరి లెక్క.

"నాకర్థమైందిలే మరదలా. స్టీరింగ్ నేర్చుకునేవాడికి ఇచ్చేశాక పక్కసీట్లో నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. అంతేగా?"

"అంతే బావా. నువ్వు ఎప్పుడైనా కట్టుకున్నావా అని అడగను. కానీ ఒక మాట. దీనికి ఏ బోర్డు పడితే అది పనికిరాదు. బోర్డు తన మీదున్న సామాన్లని గుంపులు గుంపులుగా కడుతుంది. గుంపులో ఒకదాన్ని లోపలిదానికి పంపాలంటే గుంపంతా కదలాల్సిందే. మన కార్డు వేరే గుంపులో ఒంటరిగా ఉండాలి. అది చూసి కొనాలి. రేపు నాకు బ్యాంకులో పని ఉంది. ఎల్లుండి నేనొస్తా, అప్పటిదాకా ఎవరూ ఏమీ కొనకండి."

బావ దీనికి కూడా తల ఊపాడు. బావ తల ఊపడం గురించి పిన్నికి తెలిసుండాల్సింది.

ఆదివారం పొద్దున్నే పిన్ని వచ్చేసరికి ముందుగది ఊదారంగులో వెలుగుతోంది. తర్వాత పచ్చ, తర్వాత నీలం. ప్లాటర్ పక్కన అద్దాల పెట్టెలో కొత్త కంప్యూటరు, దాని లోపల మానిటరుకి బొమ్మ పంపే మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు. ఇటుకకన్నా బరువు, పెళ్లిమండపం కన్నా ఎక్కువ లైట్లు. ఎదురింటివాళ్లు అప్పటికే రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు.

"చూశావా మరదలా," అన్నాడు బావ. "నువ్వు బ్యాంకులో బిజీగా ఉన్నావని నేనే చూసుకున్నా. కార్డులు గుచ్చే స్లాట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టు. ఐదు. షాపాయనతో గట్టిగా చెప్పా, మాకు గుంపులు కావాలి అని. ఆయన ఒకటే మాట, సార్, ఇన్ని స్లాట్లున్న బోర్డు ఇంకెక్కడా లేదు అని."

"స్లాట్లు నేను అడగలేదు బావా."

"ఎక్కువుంటే మంచిదేగా."

"ఇవి ఏ పెట్టెల్లో వచ్చాయి? మార్చుకోవాలంటే పెట్టెలు కావాలి."

"పెట్టెలా? కౌంటర్ మీదే చింపేశా. అట్టలు ఇంటిదాకా ఎవడు మోస్తాడు? జనం అంతా చుట్టూ చేరి చూస్తున్నారు కూడా."

పిన్ని నోరు తెరిచింది. ఆ నోటిలోంచి రాబోయేది వచ్చి ఉంటే ప్లాటర్ దానంతట అదే లేచి నడిచి ఉండేదేమో. కానీ అక్క వచ్చి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఆయన్ని ఏమీ అనకే."

"అనకా? అక్కా, ఆయన నీ మిషనుకి బోర్డు తెమ్మంటే సర్కస్ తెచ్చాడు."

"స్కూల్లో కొత్తవాడు వచ్చాడు. ఈయన క్లాసులు తగ్గించేశారు. నెల నుంచి పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. నిన్న ఈ సామానంతా మోసుకొచ్చి, రాత్రి ఈల వేసుకుంటూ బిగించుకున్నాడు. ఎన్నాళ్లయిందో ఆ ఈల విని." అక్క గొంతు తగ్గించింది. "నీ నోరు నాకు తెలుసు. ఆ సామాన్లలో ఒక్కటి కూడా తప్పని అనకు. నా మీద ఒట్టు."

పిన్ని ఒట్టేసింది. ఒట్టేసిన క్షణం నుంచి ఆవిడకి తల ప్రాణం తోకకి రావడం మొదలైంది.

పని మొదలుపెట్టింది. పాత కార్డు నేరుగా కొత్త స్లాటులో పట్టదు కాబట్టి మధ్యలో పెట్టే అడాప్టరు ఒకటి తనతోనే తెచ్చుకుంది. పై స్లాటులో బావగారి లైట్ల కార్డు మహారాజులా కూర్చుని ఉంది. కింద నాలుగు ఖాళీ. రెండోదానిలో ఆకుపచ్చ కార్డుని అడాప్టరుతో సహా గుచ్చింది. సెట్టింగుల్లోకి వెళ్లి పాస్‌త్రూకి కావలసినవి తెరిచింది. పాత డిస్కులోని విండోస్‌నీ అక్క ప్యాటర్న్లనీ కొత్త డిస్కులోకి ఎక్కించింది. పాత విండోస్ లోపల చక్కగా లేచి కూర్చుంది. అప్పుడు గుంపుల జాబితా తెరిచి చూసింది.

ఆకుపచ్చ కార్డు, హార్డ్ డిస్కు, నెట్‌వర్కు, కీబోర్డు తగిలించే సాకెట్లు అన్నీ ఒకే గుంపు.

మూడో స్లాటులో పెట్టి చూసింది. అదే గుంపు. నాలుగో స్లాటు, ఐదో స్లాటు. అదే. ఐదు స్లాట్ల బోర్డులో కింది నాలుగూ ప్రాసెసరు పక్కనుండే ఒకే చిప్పు పట్టుకుని వేలాడుతున్నాయి. పై స్లాటు ఒక్కటే నేరుగా ప్రాసెసరుకి అతుక్కుని, ఎవరితోనూ పొత్తు లేకుండా ఉంది. అందులో మహారాజు.

"ఏమైందే?" అడిగింది అక్క స్టూలు మీంచి.

"ఏం కాలేదు. ఒక్కర్ని కాపురానికి పంపిస్తే వదినలు, ఆడపడుచులు, వంటసామాన్లు అన్నీ బండెక్కేస్తాయట."

చిరాకులో మనిషి తెలిసి తెలిసి గోతిలో కాలు పెడుతుంది. పిన్ని ఆ గుంపునంతా లోపలి విండోస్‌కి అప్పజెప్పేసి చూసింది. కార్డుతోపాటు డిస్కు వెళ్లిపోయింది, కీబోర్డు వెళ్లిపోయింది, పైనున్న కంప్యూటరు ఇల్లు కొల్లగొట్టినట్టు శిలలా నిలబడిపోయింది. లైట్లు మాత్రం ఊదా, పచ్చ, నీలం మారుతూనే ఉన్నాయి.

"అబ్బ, ఎంత బాగుందో," అన్నాడు బావ.

పిన్ని పళ్లు నూరిన చప్పుడు విని పక్కింటివాళ్లు ఎవరో మిక్సీ వేశారనుకున్నారు. బాల్కనీలోకి వెళ్లి షాపాయనకి ఫోన్ చేసింది.

"ఐదు స్లాట్లున్నాయి కదమ్మా," అన్నాడు ఆయన.

"ఐదున్నాయి నాయనా. నాలుగింటికీ ఒకే ఇంటిపేరు. ఏ స్లాటు ఎక్కడికి వెళ్తుందో ఒక్కసారైనా చూసి అమ్మావా?"

"దానికి చిట్కా ఉందమ్మా. వాటిని విడివిడిగా ఉన్నాయని కంప్యూటరుకి అబద్ధం చెప్పే సెట్టింగు ఉంది. చాలామంది అదే వాడతారు."

"ఆ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందో చెప్పు. నడుస్తూ నడుస్తూ కార్డు పోయి డిస్కు మీద ఏదో రాసి పాడుచేస్తే? ఆ డిస్కులో మా అక్క గీసిన ప్యాటర్న్లన్నీ ఉన్నాయి. నువ్వు కూర్చుని మళ్లీ గీస్తావా?"

"పోనీ సార్‌కి పెట్టిన పెద్ద కార్డు తీసేసి..."

"ఆ మాట నాకు చెప్పకు," అని ఫోను పెట్టేసింది. ఎందుకంటే ఆ మాట ఆవిడకి అంతకుముందే తెలుసు. ఆ ప్రాసెసరులోనే బొమ్మ చూపించే ఏర్పాటు ఉంది. మానిటరుని నేరుగా బోర్డుకి తగిలిస్తే చాలు. మహారాజుకి ఆ ఇంట్లో చేసే పనంటూ ఏమీ లేదు, వెలగడం తప్ప. ఆయన దిగితే ఆకుపచ్చ కార్డు పై స్లాటెక్కుతుంది, పని అయిపోతుంది. స్క్రూ ఒకటి, తీగ ఒకటి. మధ్యలో ఒట్టు ఒకటి.

బావ బయటికి వెళ్తే చడీచప్పుడు లేకుండా తీసేసేదే. ఆయన కదలడు. కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. దారే పోయేవాళ్లని కిటికీలోంచి పిలిచి చూపిస్తున్నాడు. ఆ రోజు ఆయన మాట విని ఆ లైట్లు చూడ్డానికి ఆగిన జనంతో వీధిలో బండ్లు నిలిచిపోయాయని, ట్రాఫిక్ పోలీసు కూడా వచ్చి ఊదారంగులో కాసేపు నిలబడి వెళ్లాడని అంటారు.

పిన్ని చుట్టుదారి పట్టింది.

"బావా, ఈ లైట్లు అక్క కళ్లకి మంచివి కావేమో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కనే కూర్చుంటుంది."

"అందుకేగా రంగు మార్చే బటన్ ఇచ్చాడు. నీలం పెడతా, చల్లగా ఉంటుంది."

"ఇది వేడి చేస్తుంది బావా."

"చేయనీ. మూడు ఫ్యాన్లున్నాయి."

"కరెంటు లాగేస్తుంది."

"మన ఇంట్లో ఇంకేముంది లాగడానికి?"

అక్క వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. పిన్ని చేతిలో స్క్రూడ్రైవరు వంకర తిరిగిందని, అది ఇప్పటికీ ఆ కొట్లో వంకరగానే ఉందని జిరాక్సు ఆయన ప్రమాణం చేసి చెబుతాడు. ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లి వాళ్లాయన ముందు కూర్చుని, ఆయన పెట్టిన అన్నం ఒక్క మాట లేకుండా తినేసింది. ఆయన భయపడి ఒళ్లు వేడిగా ఉందేమోనని నుదురు ముట్టుకుని చూశాడు.

సోమవారం సూపర్‌వైజర్ వ్యానుతోపాటు ఇద్దరు మనుషుల్ని, తాళ్లని కూడా తెచ్చాడు. మోసేవాళ్లు ప్లాటర్ కాళ్ల దగ్గర కూర్చుని నట్లు చూడటం మొదలుపెట్టారు.

బావ ఎదురెళ్లాడు. "రండి రండి. మిషను అదిరిపోయేలా తయారైంది. చూడండి ఆ పెట్టె."

సూపర్‌వైజర్ చూశాడు. పచ్చ, నీలం, ఊదా. "బాగుందండి. గీస్తుందా?"

బావ పిన్ని వైపు తిరిగాడు. "చెప్పు మరదలా."

పిన్ని గోడకేసి చూసింది. "నన్నడక్కండి."

"అంటే గీయదా?" అన్నాడు సూపర్‌వైజర్. ఆయన గొంతులో వెటకారం లేదు, తొందర ఉంది. "ఏం పర్లేదు. మా షెడ్డులో చూసుకుంటాం. ఒరేయ్, ఆ చివర నుంచి ఎత్తండి."

మోసేవాళ్లలో ఒకడు ప్లాటర్ కింద చెయ్యి పెట్టాడు. యంత్రం ఒక మూల లేచింది. మీదున్న అట్ట జారి అక్క కాళ్ల దగ్గర పడింది. అక్క వంగి తీయలేదు. స్టూలు మీంచి లేచింది.

"దించు," అంది వాడితో. ఆవిడ ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడదు. వాడు దించేశాడు.

"ఏది అడ్డం?" అని చెల్లెల్ని అడిగింది.

"నువ్వేగా నా నోరు కట్టేసింది."

"విప్పుతున్నా. చెప్పు."

"పైనున్న ఆ లైట్ల కార్డు. అది తీస్తే అయిపోతుంది. అది అవసరం లేదు, మొదట్నుంచీ లేదు. నిన్న పొద్దున్నుంచి నాకు తెలుసు, నీకోసం నోరు మూసుకుని చచ్చిపోతున్నా."

బావ అద్దాల పెట్టెకేసి చూశాడు. మోసేవాళ్లు తాళ్ల ముడులు చూసుకున్నారు.

అక్క పిన్ని చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసి మొగుడి ముందు పట్టుకుంది. "మీరే తీయండి. మీరు బిగించింది."

బావ తీసుకున్నాడు. కరెంటు ఆపాడు. లైట్లు పోయాయి. మోకాళ్ల మీద కూర్చుని స్క్రూ విప్పి, రెండు చేతులా కార్డుని బయటికి లాగాడు. ఒళ్లో పెట్టుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా మరదలా," అన్నాడు. "నేనేమైనా పరాయివాడినా?"

పిన్నికి ఆ మాటతో వచ్చిన చిరాకు అంతా ఇంతా కాదు. ఒక పూట అన్నం మౌనంగా తిన్నది, ఒక స్క్రూడ్రైవరు వంచుకున్నది, కళ్లు మంచివి కావని, కరెంటు లాగుతుందని వెధవ సాకులన్నీ వెతికింది, ఆయన "ముందే చెప్పొచ్చుగా" అనడానికా? అక్క వైపు చూసింది. అక్క మొహం తిప్పేసుకుంది. ఇంక ఆ చిరాకు ఎవరి మీద దించాలో తెలియక పిన్ని ఆకుపచ్చ కార్డుని పై స్లాటులోకి ఒక్క గుద్దుతో దించింది.

మానిటరు తీగని బోర్డుకి మార్చి, మళ్లీ కరెంటు వేసింది. గుంపుల జాబితా తెరిచింది. కార్డు, దాని అడాప్టరు, అంతే. చుట్టూ ఎవరూ లేరు. లోపలి విండోస్‌కి అప్పజెప్పింది. డిస్కు ఎక్కడికీ పోలేదు. కీబోర్డు పలుకుతోంది.

పాత విండోస్ తాపీగా లేచింది. ఆ లేవడంలో ఉన్న బద్ధకం చూసి మోసేవాడు ఆవలించాడు.

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు సూపర్‌వైజర్.

"మీ వ్యాను ఎక్కడికీ పోదు కదా, నిలబడండి," అంది పిన్ని. ఒట్టు తెగినందుకు నోటికి ఎంత హాయిగా ఉందో ఆవిడకే తెలుసు.

అక్క స్టూలు లాక్కుని కూర్చుని, ఆగిపోయిన ప్యాటర్న్ తెరిచింది. చొక్కా చెయ్యి. బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కబోయేంతలో ప్లాటర్ ఒళ్లు విరుచుకున్నట్టు మూలుగుతూ తల మూలకి తెచ్చుకుని, అక్కణ్నుంచి చెయ్యి వంపు గీయడం మొదలుపెట్టింది. గీసింది, వెనక్కి వచ్చింది, కత్తి దించి అదే గీత మీద కోసుకుంటూ పోయింది.

సూపర్‌వైజర్ జేబులోంచి టేపు తీసి, ఊడివచ్చిన అట్టని కొలిచాడు. భుజం దగ్గర, మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర. మళ్లీ భుజం దగ్గర.

"సరిపోయింది," అన్నాడు కాస్త నిరాశగా.

"సరిపోక?" అంది అక్క, తల తిప్పకుండా. "మిగతావి రేపు పొద్దున రెడీగా ఉంటాయి. ఎవర్నైనా పంపించండి, ఇక్కడికే."

మోసేవాళ్లు తాళ్లు చుట్టుకుని, గోడకి వీపులు ఆనించి, పక్కపక్కకి నడుచుకుంటూ మెట్లు దిగారు. అక్క చొక్కా రెండో చెయ్యికి అట్ట సర్దింది.